ఆయన ఉండగా కొట్టిన మాటలు

పుంగనూరులో మాకొక డీటీపీ దుకాణం ఉండేది. బజారు వీధిలో చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల. మేటరు నేను కొట్టేదాన్ని. మా ఆయన దాన్ని ఫ్లాపీలో వేసుకొని బస్సులో మదనపల్లెకు వెళ్లి, అక్కడి ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చు వేయించుకొని వచ్చేవాడు. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఏవి వచ్చినా కాదనేవాళ్లం కాదు. కానీ దుకాణం నిలబడింది పెండ్లి కార్డుల మీదే.

ఈ పని చేసేవాళ్లు మామూలుగా పాత కార్డు తెరిచి, అందులోని పేర్లు చెరిపి, కొత్త పేర్లు పెడతారు. మా దుకాణంలో అది కుదరలేదు. కస్టమర్లు బల్ల మీద కూర్చొని తెర వైపే చూస్తుండేవారు. ఒకసారి నేను ఎవరో అమ్మాయి పేరును అక్షరం అక్షరంగా చెరుపుతుంటే ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఎవురి బిడ్డ పేరో తుడిపేసి ఆడ మా బిడ్డ పేరు పెడతావా? ఆ పిల్లకేమన్నా అయితే ఆ పాపం ఎవురికి?"

మా ఆయన ఆయనకు సర్దిచెప్పాడు. ఆ రోజు నుంచి ప్రతి కార్డూ తెల్ల పేజీ మీద, కస్టమరు కళ్లముందే, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాలని నియమం పెట్టాడు. కొట్టేది నేను గనుక ఆ నియమం పెట్టడం ఆయనకు కష్టం కాలేదు. నేనూ పెద్దగా సణగలేదు. నాకు వేగం ఉండేది.

తర్వాత ఆయన పోయాడు. జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

కుప్పంలో మా అన్న ఉంటాడు. కర్మలు అయ్యాక నన్ను అక్కడికి తీసుకుపోయి మేడమీద గది ఇచ్చాడు. అన్న మంచివాడు, వదిన అంతకంటే మంచిది. ఇంట్లో నోము గాని, పేరంటం గాని ఉంటే వదిన ముందురోజే, "నువ్వు దిగి రాబల్లేదు పాపా, అన్నం పైకే తెచ్చిస్తా" అనేది. నన్ను నొప్పించకూడదని అలా చెప్పేది. నేను ఆ గదిలో పేపరు చదివేదాన్ని, అయిపోతే మళ్లీ మొదటి పేజీ తిప్పేదాన్ని. కింద గిన్నెల చప్పుడు, నవ్వులు వినిపించేవి. అవి ఆగేదాకా మెట్లు దిగకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

దుకాణం తెరుస్తానని చెప్పినప్పుడు అన్న ఒప్పుకోలేదు. వాదించి తిరిగి వచ్చాను. తెరిచిన తర్వాతే అసలు సంగతి తెలిసింది. పెండ్లి కార్డు కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నన్ను చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవారు. కొందరు మర్యాదకు కాసేపు కూర్చొని, ఆయన గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్లేవారు. కర్మక్రియల కార్డులకు మాత్రం కొదవ లేదు. ఒకాయన తన తండ్రి ఫోటో నా చేతికిస్తూ, "ఇయ్యి నువ్వే సేయొచ్చులేమ్మా, వీటికేముండాది" అన్నాడు. ఆయనకు దురుద్దేశం లేదు. తిథి, వారం అడిగి రాసుకున్నాను.

ఆ పట్టింపులను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. నేను నమ్మకపోవడం వల్ల బల్ల మీద కూర్చునేవాళ్లలో ఏ మార్పూ రాలేదు.

మదనపల్లెకు ఫ్లాపీలు అప్పటికి నేనే తీసుకుపోతున్నాను. అక్కడి ప్రెస్సు యజమానిని అందరూ భాయ్ అనేవారు. మా పెండ్లి కార్డులు ఆగిపోతే ఆయనకూ పని తగ్గినట్టే. ఒకరోజు ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పాను. భాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"నీ చెయ్యి రాయకూడదు, అంతేనా అమ్మా? మరి మిషన్ రాస్తే?"

"మిషన్ ఎట్ల రాస్తుంది భాయ్?"

"మా ఆపరేటర్ రెండక్షరాలు కొడతాడు, ప్రెస్ అడ్రస్సంతా దానంతట అదే వచ్చి పడతాది. ఎట్లనో నాకు తెల్దు. నువ్వు ఎవరైనా ముత్తైదువతో ఒకసారి కొట్టించి పెట్టుకో. తర్వాత నువ్వు రెండక్షరాలే నొక్కు. రాసేది మిషన్. మిషన్‌కు సూతకం ఏంది?"

ఆయన చెప్పింది ఆటోకరెక్ట్ గురించి. ఇంగ్లీషు టైపు చేసేవాళ్ల తప్పులు దిద్దడానికి పెట్టిన ఏర్పాటు అది. తప్పు మాట ఏదో, దాని బదులు ఏది రావాలో ముందే చెప్పి ఉంచితే, ఆ తప్పు కొట్టి స్పేస్ నొక్కగానే సరైన మాట వచ్చి కూర్చుంటుంది. తప్పు మాటకు బదులు రెండు అక్షరాలు, సరైన మాటకు బదులు నాలుగు వరుసలు ఇచ్చినా అది అభ్యంతరం పెట్టదు. నాకు నవ్వు రావలసింది. రాలేదు. పుంగనూరు బస్సులో తిరిగి వస్తూ దాని గురించే ఆలోచించాను.

మా ఆయన అన్న భార్య మా వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది. నేను అక్కా అని పిలుస్తాను. విషయం చెప్పగానే ఒప్పుకుంది. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకొని వచ్చి, కంప్యూటరు నెత్తిన పసుపూ కుంకుమా పెట్టి నా కుర్చీలో కూర్చుంది. అంతకుముందు ఆమె మీటల జోలికి ఎన్నడూ పోలేదు.

"ఇందులో శ్రీ యాడుండాది పాపా?"

"ఒక్క మీటలో ఉండదక్కా. మూడు నొక్కాల."

"శ్రీకే మూడా? దీనికంటే పెండ్లి చేసేదే సులభంగా ఉండాదే!"

నేను వెనక నిలబడి, చేతులు కట్టుకొని, పై వరుసలో ఫలానాది, కింద వరుసలో ఫలానాది అని చెప్పాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అయ్యేసరికి ఆమెకు చెమట పట్టింది. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి అన్న చోటికి వచ్చేసరికి, "ఇంతమందిని యాల పిలిసేది? దగ్గరోళ్లను పిలిస్తే సాలదా?" అంది. సాయంత్రానికి కార్డులో ఎప్పుడూ మారని వరుసలన్నీ పూర్తయ్యాయి. ఫాంటుతో సహా వాటిని ఆటోకరెక్ట్‌లో దాచే మీటలు నన్నే నొక్కమంది. అవి అక్షరాలు కావు గదా అంది. ఏ వరుసకు ఏ రెండు ఇంగ్లీషు అక్షరాలో అదీ నేనే పెట్టుకున్నాను. ఇంగ్లీషుకు మైల లేదని కూడా అక్కే తేల్చేసింది.

పేర్లు మాత్రం ముందే దాచి ఉంచలేం. వాటిని కస్టమర్ల ఇంటి ముత్తైదువే ఒక్క వేలితో కొట్టాలి. నేను పక్కన నిలబడాలి.

ఈ ఏర్పాటు విని అన్న కుప్పం నుంచి వచ్చాడు. బల్ల మీద కూర్చొని గది నాలుగు గోడలూ చూశాడు.

"ఇదంతా ఎన్నాళ్లు మా? ఈ మాఘం ముహూర్తాలు అయ్యేదాకా సూస్తా. పెండ్లి కార్డులు వస్తే నీ ఇష్టం. రాకపోతే దుకాణం ఖాళీ చేసి నాతో రావాల. మాట ఇయ్యి."

ఇచ్చాను. ఇవ్వకపోతే ఆయన ఆ రోజే తాళం వేసేవాడు. అడ్డుపడడానికి నా తరఫున ఎవరూ లేరు.

మాఘం మొదట్లో గంగవరం నుంచి ఒక పెద్దామె వచ్చింది. పెండ్లికూతురికి మేనత్త. పెండ్లికొడుకు వాళ్లది పుంగనూరే, అందుకని కార్డు ఇక్కడ వేయించాలని వచ్చింది. మా ఏర్పాటు గురించి అక్క నోటి నుంచే విన్నదట. తాంబూలం పళ్లెంలో మేటరు కాగితం పెట్టుకొని వచ్చింది. ఆ సీజనులో గుమ్మం దాటి బల్ల మీద కుదురుగా కూర్చున్న మొదటి పెండ్లిమనిషి ఆమే.

"రేపు అష్టమి, ఎల్లుండి నవమి. ఈ పొద్దే మొదులుపెట్టాలమ్మా. మూడు గంటల బస్సుకు పోవల్ల నేను."

తెల్ల పేజీ తెరిచాను. శ్రీరస్తుకు ఎస్, ఆర్ పెట్టుకున్నాను. ఆ రెండూ కొట్టి స్పేస్ నొక్కాను. ఎస్, ఆర్ అలాగే నిలబడ్డాయి.

మళ్లీ కొట్టాను. మార్పు లేదు. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే నేను కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు ఇంగ్లీషుగా వెళ్లవు, అప్పుడు ఇది పనిచేయదు. అది ఆఫ్‌లోనే ఉంది. మెనూలోకి వెళ్లి, టైపు చేస్తుండగా మాటలు మార్చాలి అన్న గడిలో టిక్కు ఉందో లేదో చూశాను. ఉంది. మూసి తెరిచాను. కంప్యూటరే ఆపి మళ్లీ పెట్టాను. అది లేచేంతసేపూ పెద్దామె వక్క కొరుకుతూ నన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమంటాది?"

"కొంచెం మొరాయిస్తాంది పెద్దమ్మా."

"మంచి పనికి మొదుట్లోనే మొరాయిస్తాందా?"

ఆటోకరెక్ట్‌లో దాచిన మాటలన్నీ వరుసగా కనిపించే చోటికి వెళ్లి ఒక్కొక్కటీ చూసుకుంటూ కిందికి వచ్చాను. దానితో పాటే వచ్చిన ఇంగ్లీషు తప్పులు, వాటి దిద్దుబాట్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. మా దుకాణం చిరునామాకు పెట్టుకున్నది ఉంది. వారాల పేర్లకు పెట్టుకున్నవి ఉన్నాయి. అక్క కొట్టినవి ఒక్కటి కూడా లేవు.

ఉన్నవాటికీ పోయినవాటికీ తేడా ఏమిటని చూస్తే, ఉన్నవి ఫాంటు లేకుండా సాదాగా దాచినవి. పోయినవన్నీ ఫాంటుతో దాచినవి. రెండూ రెండు వేర్వేరు ఫైళ్లలో ఉంటున్నాయన్నమాట. ఒక ఫైలు ఉంది, రెండోది లేదు. కిందటి వారం వైరస్ పట్టిందని మదనపల్లె నుంచి కంప్యూటరు రిపేరు చేసే అతన్ని పిలిపించాను. అతనికి ఫోన్ చేశాను.

"ఆ వైరస్ కూర్చునేదే ఆ ఫైల్లో మేడమ్. తీసేసినా. తీస్తే ఏం గాదు, కొత్తది దానంతటదే పుడతాది."

"అందులో నా మాటలు ఉండాయి గదప్పా."

"ఏం మాటలు మేడమ్? మీరు చెప్పలేదే."

"మళ్లీ తెచ్చేదానికి ఉందా?"

"లేదు. మళ్లీ కొట్టుకోండి, ఎంతసేపు?"

పది నిమిషాలు. నేను కొడితే పది నిమిషాలు కూడా పట్టదు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి పెద్దామె పళ్లెం ఒళ్లోకి తీసుకుంది. అక్క పుట్టింట్లో కాన్పు ఉందని తంబళ్లపల్లెకు వెళ్లి ఉంది. ఆమె వచ్చేసరికి అష్టమి నవములే కాదు, ఈ పెండ్లివారూ దాటిపోతారు. పేర్లంటే ఒక్క వేలితో కొడతారు గాని, కార్డంతా కొట్టమంటే ఈమె కొట్టదు. ఈమె లేచి వెళ్లిపోతే, దారి పొడుగునా ఏం చెబుతుందో నాకు తెలుసు. మంచి పనికి మొరాయించిందని చెబుతుంది. కుప్పంలో మేడమీద గది నా కళ్లముందు కనిపించింది. కిటికీ, మంచం, మడిచిన పేపరు.

"కొంచెం సేపు ఉండు పెద్దమ్మా," అని, బీరువా అడుగున రేకు డబ్బా తీశాను. ఆయన ఉన్నప్పుడు చేసిన కార్డుల ఫ్లాపీలు అందులో ఉన్నాయి. ఆయన పోయాక ఆ డబ్బా తెరవలేదు. మొదటి ఫ్లాపీ చదవలేనంది కంప్యూటరు. ఇంకొకటీ అంతే. తర్వాతది కాసేపు కరకరలాడి తెరుచుకుంది. ఒక పెండ్లి కార్డు పూర్తిగా తెర మీదికి వచ్చింది. పుంగనూరు వాళ్లదే. అది కొట్టిన రోజు మా ఆయన నా వెనక నిలబడి, బస్సు టైమవుతోందని చెప్పులు వేసుకొనే అయిందా అని అడుగుతున్నాడు. చివరి వరుస అయ్యేదాకా ఊరుకోలేదు.

పెద్దామె బల్ల మీది నుంచి లేచి దగ్గరికి వచ్చింది. చదవడం వచ్చినామె. వరుసలన్నీ చదివింది.

"ఇది ఎవురు కొట్టింది?"

"నేనే."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. ఆయన ఉండగా."

ఆమె తెర వైపు చూసి, నా నుదురు వైపు చూసి, మళ్లీ తెర వైపు చూసింది.

"అప్పుడు నువ్వు పసుపు కుంకుమతో ఉంటివి."

"ఉంటిని."

"అయితే ఆ చెయ్యి మంచిదే గదా మరి."

"చెయ్యి ఇదే పెద్దమ్మా."

"ఇదే కాదులే. అది వేరే, ఇది వేరే." ఆమె కసిరినట్టు అనలేదు. పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పింది. "అది సరే, ఈ పెండ్లికూతురు యాడుండాది ఇప్పుడు? బాగుండాదా?"

"మొన్న సంతలో కనపడింది. సంకలో బిడ్డ ఉండాడు."

"మొగుడు?"

"ఉండాడు."

"అయితే ఈ వరుసలు ఎత్తుకో. పేర్లు ముట్టుకోవద్దు. ఆ పిల్ల పేరు ఆడనే ఉండనీ."

పేర్లు ముట్టుకోలేదు. మారని వరుసలను మాత్రం మౌసుతో ఎంచి, ఒక్కొక్కటిగా ఆటోకరెక్ట్‌లో దాచాను. ఈసారి సాదాగానే దాచాను. ఫాంటు లేకపోవడంతో మొదట అవి ఇంగ్లీషు అక్షరాల చెత్తలా వచ్చి పడతాయి. తర్వాత అన్నీ ఎంచి ఫాంటు మార్చితే తెలుగవుతాయి. ఒక పని ఎక్కువే గాని, ఏ వైరస్ వచ్చినా ఆ ఫైలు పోదు. పొడుగు వరుసలను అది తీసుకోకపోతే రెండుగా విరిచాను. తెల్ల పేజీ మీద ఎస్, ఆర్ కొట్టి స్పేస్ నొక్కాను. చెత్త వచ్చింది. ఫాంటు మార్చాను. శ్రీరస్తు అని వచ్చింది.

"వచ్చినాడు సామి," అంది పెద్దామె. నా కుర్చీలో కూర్చొని మేనకోడలి పేరు ఒక్క వేలితో కొట్టింది. పెండ్లికొడుకు పేరు దగ్గర, "ఈయప్ప పేరు ఇంత పొడుగుండాదే, ముందే తెలిస్తే వద్దనుందుము" అని నవ్వించింది. మూడు గంటల బస్సు పోయింది, తర్వాతి బస్సుకు వెళ్లింది.

ఆమె మంచి మాటే చెప్పి ఉండాలి. ఆ మాఘంలో గంగవరం వైపు నుంచి, వెంకటగిరికోట నుంచి కూడా పెండ్లివాళ్లు వచ్చారు. ముహూర్తాలు అయ్యాక అన్న వచ్చాడు. బల్ల నిండా జనం ఉంటే గుమ్మంలోనే నిలబడ్డాడు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, "సరే మా. ఆ గది బాడుగకు ఇచ్చేస్తా" అన్నాడు. "ఇచ్చెయ్యన్నా" అన్నాను. ఆయన నిజంగా సంతోషించాడో, నొచ్చుకున్నాడో తెలియలేదు. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు.

నేను కోరుకున్నది నాకు దక్కింది. అలా చాలా ఏళ్లు నడిచింది. వచ్చిన ప్రతివాళ్లూ బల్ల మీద కూర్చోగానే ఎవరు కొట్టినవని అడిగేవారు. ఆయన ఉండగా నేను కొట్టినవి అని చెప్పేదాన్ని. ఒక్కో పెండ్లిళ్ల కాలంలో ఆ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. మొదట్లో ఆ మాట తెర వైపు తిరిగి అనేదాన్ని. తర్వాత వాళ్ల ముఖం చూస్తూనే అనగలిగాను. అది ఇంకా బాధగా ఉండేది. తర్వాత వాళ్లు ఆ పెండ్లికూతురి క్షేమం అడిగేవారు. నేను సంతరోజు బజారుకు పోయి ఆ అమ్మాయి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూసేదాన్ని. ఒకసారి ఆమె భర్త బండి మీద వేగంగా పోతుంటే మలుపు దాటేదాకా నిలబడి చూశాను. అతను నాకు ఏమీ కాడు.

కార్డుల మీది రాతలు మాత్రం మారిపోతూ వచ్చాయి. ఇతర దుకాణాల్లో కొత్త వాక్యాలు, పద్యాలు వేస్తున్నారు. నా దగ్గర ఆయన పోయేనాటికి ఉన్నవే ఉన్నాయి. ఒకసారి చెరిగిపోయాక అక్క మళ్లీ మీటల ముందు కూర్చోనంది, నేను వాటికి ఒక్క వరుస కలపడానికి లేదు.

కిందటి దశాబ్దం చివర్లో ఒక అమ్మాయి తల్లితో వచ్చింది. పెండ్లికూతురు తనే. చదువుకున్న పిల్ల, కార్డు కోసం సొంతంగా ఒక వాక్యం రాసుకొని వచ్చింది. మా నాన్న నాకు నేర్పిన ధైర్యంతో కొత్త ఇంట్లో అడుగు పెడుతున్నాను, మీరందరూ వచ్చి చూడండి అని ఉంది అందులో. తండ్రి లేడని తల్లిని చూస్తే తెలిసింది. పేర్లు కొట్టడానికి వాళ్లు చిన్నమ్మను వెంటబెట్టుకొచ్చారు. ఇంత పొడుగు వాక్యం నా చేత కాదని ఆమె ముందే చేతులెత్తేసింది.

"నేనే కొడతానమ్మా," అంది పిల్ల.

"నీ కార్డు నువ్వే కొట్టుకుంటావా? నవ్వుతారు," అంది తల్లి.

"అయితే మీరు కొట్టండక్కా," అంది పిల్ల నాతో. "ఒక్క వరుసే గదా. ఎవురికి తెలుస్తాది?"

తల్లి కూతురి వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆమె నుదుటిన కూడా ఏమీ లేదు. నేను కొట్టినా ఆమె బయట చెప్పదు, అది ఆమె ముఖంలోనే ఉంది. కొట్టమనే ఆమె చూస్తోందేమో కూడా. చిన్నమ్మ మాత్రం మా ముగ్గురినీ చూస్తూ కూర్చుంది. ఆమె చెబుతుంది.

వాక్యం బాగుందని ఆ అమ్మాయితో అన్నాను. నిజంగానే బాగుంది. కాగితం తిరిగి ఇచ్చాను.

"ఇది మా దగ్గర లేదమ్మా. ఉండేటివే వస్తాయి."

"లేకపోవడం ఏందక్కా, కొడితే వస్తాది గదా."

"రాదు," అన్నాను.

ఆ పిల్ల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకొని, సరే, ఉన్నదే వెయ్యండి అంది.